సొరుగులో ఎండిపోతున్న రంగులు

వేసుకునేవి మూడు, దాచుకునేవి ముప్పై. నెయిల్ పాలిష్ సీసాల్లో ఏవి ఉంచుకోవాలి, ఏవి ఇచ్చేయాలి, పనికిరానివాటిని ఎక్కడ వేయాలి?

వారానికోసారి గోళ్ల రంగు మార్చే అమ్మాయి ఏడాదికి 52 సార్లు రంగు వేసుకుంటుంది. ఆమె దగ్గర 100 సీసాలున్నాయనుకుందాం. వరసగా వేసుకుంటూ వెళ్లినా, ఒకసారి వాడిన సీసా మళ్లీ చేతికి రావడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. నిజానికి వంతులు వేసి ఎవరూ వాడరు. ఇష్టమైన మెరూన్, ఆఫీసుకు పనికొచ్చే లేత గులాబీ, పండక్కి ఎరుపు, ఇవే తిరుగుతుంటాయి. మిగతావి సొరుగులో వెనక్కి జరుగుతూ జరుగుతూ, ఒకనాటికి ఎంత తిప్పినా మూత రాని స్థితికి వస్తాయి.

పట్టుచీర పాతికేళ్లు బీరువాలో ఉన్నా మడత మార్చి కట్టుకోవచ్చు. గాజులు కూతురికి పనికొస్తాయి, ఆపైన మనవరాలికీ పనికొస్తాయి. నెయిల్ పాలిష్ అలా కాదు. మూత మొదటిసారి తీసిన రోజు నుంచీ కొద్దికొద్దిగా ఆవిరైపోతూనే ఉంటుంది. దాన్ని చీరల లెక్కన, నగల లెక్కన దాచుకోవడంలోనే చిక్కు వస్తోంది. వాడితే దక్కుతుంది, దాస్తే పోతుంది. ఈ సంగతి మనసుకు పడితే ఏ సీసా ఉంచాలి, ఏది వదలాలి అన్నది తేలిగ్గానే తేలుతుంది.

మ్యాచింగ్ మహిమ

మన అమ్మమ్మల కాలంలో గోళ్లకు ఒకటే రంగు. ఆషాఢం రాగానే గోరింటాకు దూసుకొచ్చి, రోట్లో మెత్తగా రుబ్బి, రాత్రి భోజనాలయ్యాక వేళ్ల కొసలకు ముద్దలు పెట్టుకునేవారు. తెల్లారి కడుక్కుంటే ఎర్రగా పండిన గోళ్లు. ఆ రంగు గోరులోని కెరటిన్‌కే పట్టుకునేది. గోరు పెరిగేకొద్దీ పైకి జరిగి, కత్తిరించిన గోటితోపాటే పోయేది. దాచుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

సీసాలో రంగు వచ్చాక కథ మారింది. అమెరికాలో 1932లో రెవ్లాన్ కంపెనీ పుట్టిందే గోళ్ల రంగుతో. కొన్నేళ్లకు లిప్‌స్టిక్ కూడా తెచ్చి, పెదవులకూ గోళ్లకూ ఒకే రంగు ఉండాలని ప్రచారం చేసింది. ఒకటి కొన్నవాళ్లు రెండోది కొనక తప్పని ఏర్పాటు అది. మన దేశంలో 1952లో టాటాలు లాక్మే ప్రారంభించారు. ఆ తర్వాత కూడా చాలాకాలం మన మధ్యతరగతి ఇళ్లలో అద్దం పక్కన ఒక్క ఎర్ర సీసాయే కనిపించేది. పెళ్లికైనా పేరంటానికైనా అదే.

ఇప్పుడు చీరకు జాకెట్టు, జాకెట్టుకు గాజులు, గాజులకు బొట్టుబిళ్ల, వీటన్నిటికీ కలిసేలా గోళ్ల రంగు. పెళ్లంటే హల్దీకి పసుపు, మెహందీకి ఆకుపచ్చ, సంగీత్‌కు గ్లిట్టర్, ముహూర్తానికి ఎరుపు, రిసెప్షన్‌కు వైన్ రంగు. విజయవాడ బీసెంట్ రోడ్డులో గానీ, హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో గానీ ఫ్యాన్సీ షాపు కౌంటర్ ముందు నిలబడితే ట్రే నిండా చిన్న సీసాలు. ధర తక్కువ కాబట్టి చేయి ఆగదు. ఫోన్‌లో కొనేవాళ్లకు కాంబో ప్యాకులు. అందులో మనం కోరుకున్నది ఒక్కటే, దాని వెంట వచ్చినవి నాలుగు.

కొనడాన్ని నేను తప్పుపట్టను. రంగు మీద ఇష్టం మంచి ఇష్టమే. ముఖానికి వేసుకున్నది ఎదుటివాళ్లకు కనిపిస్తుంది. గోళ్ల రంగు మాత్రం ముందు వేసుకున్న మనిషికే కనిపిస్తుంది. కీబోర్డు మీద, కుట్టు మిషను మీద, చంటిపిల్ల ఒంటి మీద రోజంతా కదిలేవి ఆ వేళ్లే. పనిలో తల వంచుకున్న ఆడమనిషికి తన ఒంటి మీద కనిపించే కాస్త అందం అదే. ఆ సంతోషం సొరుగులో ఎండిపోతోందనే నా బాధ.

సీసా లోపల ఏం జరుగుతుంది?

నెయిల్ పాలిష్‌కు ప్రాణం నైట్రోసెల్యులోజ్. దూదిలోనో చెక్క గుజ్జులోనో ఉండే సెల్యులోజ్‌ను నైట్రిక్ ఆమ్లంతో మార్చి దీన్ని తయారు చేస్తారు. తుపాకీ మందుగా వాడిన గన్ కాటన్‌ది కూడా ఈ జాతే. 1950ల తొలినాళ్ల దాకా సినిమా రీళ్లు ఈ పదార్థంతోనే చేసేవారు, అందుకే ఆనాటి రీళ్లు ఇట్టే అంటుకునేవి. 1920లలో కార్లకు పూసిన, త్వరగా ఆరే లాకర్ రంగులదీ ఇదే వంశం.

ఈ నైట్రోసెల్యులోజ్‌ను ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రావకాల్లో కరిగించి, మెరుపు కోసం రెసిన్, పెళుసుగా రాలకుండా మెత్తదనమిచ్చే పదార్థం, రంగుపొడి కలుపుతారు. గోటి మీద పూయగానే ద్రావకం గాలిలో కలిసిపోతుంది, పలచటి పొర మిగులుతుంది. ఆరడమంటే అదే. ముక్కుకు తగిలే ఆ ఘాటు వాసన గాలిలో కలుస్తున్న ద్రావకానిదే.

గోటి మీద కొన్ని నిమిషాల్లో జరిగేది సీసాలో నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. సీసా మెడను ఒకసారి దగ్గరగా చూడండి. బ్రష్‌ను అంచుకు ఒత్తి తీసినప్పుడల్లా కొంచెం రంగు అక్కడ అంటుకుని, పొర మీద పొరగా గట్టిపడి, మరలన్నీ పూడ్చేస్తుంది. ఇక మూత ఎంత బిగించినా సరిగ్గా కూర్చోదు. ఆ సందులోంచే ద్రావకం పోతుంది. సగం వాడిన సీసా మరీ తొందరగా చిక్కబడటానికి కారణమూ ఉంది. లోపల ద్రవం తక్కువ, గాలి ఎక్కువ, పైగా మూత తీసిన సార్లు ఎక్కువ. దీనికి మందు చాలా చిన్నది. వేసుకోవడం అయ్యాక రిమూవర్‌లో తడిపిన దూదితో మెడ చుట్టూ ఒకసారి తుడిచి మూత పెట్టండి. సీసా ఆయుష్షు పెంచడానికి నాకు తెలిసిన కిటుకుల్లో ఇంతకన్నా పనిచేసేది లేదు.

రంగు విడిపోవడం వేరు, పాడవడం వేరు. అడుగున ముద్దగా రంగు, పైన తేట ద్రవం కనిపిస్తే చాలామంది పోయిందనుకుని పారేస్తారు. రంగుపొడి బరువుకు కిందికి దిగుతుంది, అంతే. దాన్ని తేలేలా పట్టి ఉంచడానికి కంపెనీలు ఒకరకం బంకమన్ను కలుపుతాయి, కలపడానికి కొన్ని సీసాల్లో చిన్న స్టీలు గుండ్లు వేస్తాయి. సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి కాసేపు దొర్లిస్తే మళ్లీ కలుస్తుంది. గబగబా ఊపితే గాలి బుడగలు చేరి, అవి గోటి మీదా కనిపిస్తాయి.

సీసా మీదో, పెట్టె మీదో వాడాల్సిన గడువు తేదీ ఉంటుంది. కొన్నిటి మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, దాని మీద 24ఎం అనో 36ఎం అనో ఉంటుంది. తెరిచాక అన్ని నెలలు వాడుకోవచ్చని అర్థం. ద్రావకాలు ఇంత ఎక్కువగా ఉండేచోట సూక్ష్మజీవులు బతకడం కష్టం కాబట్టి క్రీములు చెడినట్టు ఇది చెడదు. అయినా గడువు ఎప్పుడో దాటి, పైగా చిక్కబడి, వాసన కూడా మారిన సీసా మీద మమకారం అనవసరం.

‘అత్తా, ఇది ఉంచాలా?’

మా మేనకోడలు గుంటూరులో చదువు ముగించి, ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లబోతోంది. హాస్టల్ గదిలో దానికి దక్కేది ఒక చిన్న అల్మరా. ‘సీసాలు ఏరుకుందాం, కూర్చో అత్తా’ అంది. కిటికీలు రెండూ తెరిచి, నేల మీద పాత పేపర్లు పరిచి కూర్చున్నాం. మా వదిన పూజ గదిలో అగరొత్తులు వెలిగించబోతుంటే కాసేపు ఆగమన్నాను. ఇన్ని సీసాల మూతలు ఒకేసారి తీసినప్పుడు గదిలో చేరే ఆవిరికి నిప్పు తగలకూడదు. ఏసీ వేసుకుని తలుపులు మూసిన గదిలో ఈ పని పెట్టుకుంటే తలనొప్పి ఖాయం. గర్భిణులనూ చిన్నపిల్లలనూ ఆ పూటకు వేరే గదిలో ఉండమనడం మంచిది.

డ్రెస్సింగ్ టేబుల్ సొరుగు ఒక్కటే గుమ్మరిస్తే లెక్క తేలదు. హ్యాండ్‌బ్యాగ్ అడుగున ఒకటి, స్కూటీ డిక్కీలో ఒకటి, టీవీ పక్కన ఒకటి, ఫ్రిజ్ తలుపులో రెండు దొరికాయి. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన అవసరం లేదు. తినే వస్తువుల పక్కన ఇవి ఉండకపోవడమే మంచిది. వెలుతురు, వేడి తగలని చోటు చాలు.

‘అత్తా, ఇది ఉంచాలా?’

‘ముందు బ్రష్ పైకి తియ్యి.’

బ్రష్ కొసనుంచి చుక్క జారి పడితే సీసా బాగున్నట్టు. తీగపాకంలా సాగితే చిక్కబడినట్టు. బ్రష్ రాకుండా లోపలే అతుక్కుపోతే, దాని పని అయిపోయినట్టు. మేనకోడలి దగ్గరున్న గుట్ట మొత్తాన్ని ఈ ఒక్క పరీక్షతో మూడు పోగులు చేశాం. బిగుసుకున్న మూతకు రబ్బరు బ్యాండు చుట్టి తిప్పితే పట్టు దొరుకుతుంది. అప్పటికీ రాకపోతే సీసాను నిలువుగా పట్టుకుని మూత భాగాన్ని గోరువెచ్చని నీళ్లతో తడపాలి. పొయ్యి దగ్గర వేడి చేయడం మాత్రం వద్దు.

చిక్కబడినవాటికి నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి, దొర్లించి, కాసేపు ఆగి చూడాలి. చాలామంది ఇక్కడ రిమూవర్ పోసేస్తారు. రిమూవర్‌లో ఉండే అసిటోన్ పొరను కరిగించడానికి పుట్టింది. పోయగానే పలచబడినట్టు కనిపిస్తుంది గానీ, లోపలి పాళ్లు చెడిపోతాయి. గోటి మీద మెరుపు ఉండదు, పెచ్చులు లేస్తుంది. థిన్నర్‌లో ఉండేవి అసలు సీసాలో ఉన్న ద్రావకాలే, కాబట్టి పోయినదాన్ని తిరిగి పోసినట్టవుతుంది.

నాలుగో పోగు ఒకటి అది ముందే పక్కన పెట్టేసింది. ఆవపసుపు, ముదురు నారింజ, నిండు నీలం. దాదాపు కొత్తవే.

‘వాటిని ఎందుకే తీసేశావు?’

‘నాకు నప్పవత్తా. నా చేతులు నలుపు కదా.’

‘ఎవరన్నారు?’

‘పెద్దమ్మ అంది. పార్లర్ అక్క కూడా అంది.’

ఒక్కో వేలికి ఒక్కో రంగు వేసుకోమన్నాను. కిటికీ దగ్గర ఎండ వెలుగులో చెయ్యి చాపి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఆ మూడింటినీ తీసుకెళ్లి ఉంచుకునేవాటిలో పెట్టింది.

ఈ ‘నప్పదు’ అన్న మాట మన ఇళ్లలో ఎన్ని సీసాలను సొరుగు వెనక్కి నెట్టిందో! చామనఛాయ చేతి మీద నిండు నీలం, ఆవపసుపు, ఇటుక రంగు ఎంత అందంగా నిలబడతాయో పెట్టుకుని చూస్తే గానీ తెలియదు. చూడనివ్వకుండానే వద్దనేస్తాం. నిజానికి జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది తెలుపు ఎక్కువ కలిసిన లేత రంగులను, అవి కొన్ని చేతుల మీద పాలిపోయినట్టు కనిపిస్తాయి. న్యూడ్ షేడ్ అని అమ్మే లేత గులాబీ తెల్లని చేతులను దృష్టిలో పెట్టుకుని చేసింది. మనలో ఎక్కువమందికి చర్మంలో కలిసిపోయే రంగు కావాలంటే కాఫీ, దాల్చినచెక్క, ఇటుక రంగుల్లో వెతుక్కోవాలి. ఒకరి మాటకు వెనక్కి నెట్టిన సీసాను పారేసే ముందు ఒక్కసారి వేసుకుని చూడమని నా మాట. అప్పటికీ నచ్చకపోతే నిశ్చింతగా వదిలేయండి.

అరడజను మెరూన్లు

సీసాలో కనిపించే రంగు వేరు, గోటి మీద కనిపించేది వేరు. అందుకే ఉంచుకునే సీసాలన్నిటికీ నమూనా కార్డు ఒకటి చేసుకోవాలి. ఫ్యాన్సీ షాపులో దొరికే ప్లాస్టిక్ గోళ్లు మంచివి, లేదంటే పారదర్శకంగా ఉండే దళసరి ప్లాస్టిక్ షీటు చాలు. ప్రతి రంగూ రెండు కోట్లు వేసి, కింద అంకె రాసి, అదే అంకె సీసా అడుగున అంటించాలి. ఆరాక పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఒకటిగా కనిపించినవి ఎండలో విడిపోవచ్చు, వేరనుకున్నవి ఒకటే కావచ్చు.

మేనకోడలి దగ్గర అరడజను మెరూన్లు తేలాయి. వేర్వేరు కంపెనీలు, వేర్వేరు ధరలు, గోటి మీద మాత్రం అక్కాచెల్లెళ్లు. మనకు ఏ రంగు ఇష్టమో మన చేయి ఎప్పుడో తేల్చేసింది. అందుకే మళ్లీ మళ్లీ అదే కొంటాం. వాటిలో పలచగా, నున్నగా జారే రెండింటిని ఉంచుకుంది. ఈ కార్డు ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుంటే షాపులో ఏడో మెరూన్ కొనకుండా ఆపుతుంది.

ఎన్ని ఉంచుకోవాలంటే నా తీర్పు ఇది. వారానికోసారి వేసుకునేవారికి రెండు డజన్లు చాలు. ఒక్కోటి ఏడాదికి రెండుసార్లు గోటి మీదకు వస్తుంది, ఎండిపోకముందే కొంతైనా అవుతుంది. పండగలకు మాత్రమే వేసుకునేవారికి ఆరు ఎక్కువే. నెయిల్ ఆర్ట్ చేసేవారికీ, పార్లర్ నడిపేవారికీ ఈ లెక్క వర్తించదు, అవి వారి పనిముట్లు. పెళ్లినాటి ఎర్ర సీసా ఎండిపోయినా పారేయబుద్ధి కాకపోతే ఉంచుకోండి. జ్ఞాపకాల పెట్టెలో పెట్టండి, వాడేవాటిలో కాదు.

సర్దడానికి ఖరీదైన స్టాండ్లు అక్కర్లేదు. విదేశాల్లో వందల సీసాలు పోగేసేవారు ఐకియా వారి హెల్మర్ అనే సన్నని సొరుగుల స్టీలు బీరువాను ఏళ్లుగా వాడుతున్నారు. సీసా ఎత్తుకు సరిపోయే లోతు, లోపలికి వెలుతురు పోదు, అంతే దాని గొప్ప. మన ఇంట్లో గట్టి మిఠాయి డబ్బా, చెప్పుల పెట్టె కూడా ఆ పని చేస్తాయి. సీసాలు నిలబడి ఉండాలి. పడుకోబెడితే రంగు మూతలోకి చేరి మరలను అంటించేస్తుంది. పైనుంచి చూస్తే మూతలే కనిపిస్తాయి కాబట్టి ప్రతి మూత మీదా దాని రంగు చుక్క పెట్టండి. సందర్భాన్ని బట్టి కాకుండా రంగు కుటుంబాన్ని బట్టి సర్దండి. ‘పెళ్లిళ్లకు’ అని పక్కన పెట్టిన సీసా పెళ్లి వచ్చేదాకా తెరుచుకోదు. జెల్ పాలిష్‌లు ఉంటే వేరుగా, పూర్తి చీకట్లో ఉంచాలి, అవి వెలుతురుకే గట్టిపడతాయి.

రిమూవర్, దూది కూడా ఆ పెట్టెలోనే ఉండాలి. ఆసుపత్రిలో వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ గోటి గుండా కాంతిని పంపి రక్తంలో ఆక్సిజన్ చూస్తుంది. ముదురు రంగులు ఆ అంకెను తప్పుగా చూపించవచ్చు. ఆపరేషన్‌కు ముందు గోళ్ల రంగు తీసేయమనేది అందుకే. అర్ధరాత్రి ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు రిమూవర్ కోసం ఇల్లంతా వెతికే పరిస్థితి రాకూడదు.

ఇచ్చేవి, పారేసేవి

సీల్ తీయని సీసాలను ‘ఎవరికైనా ఇద్దాంలే’ అని రెండేళ్లు ఉంచి ఇస్తే ఇచ్చినట్టు కాదు. పారబోసే పని వాళ్లకు అప్పజెప్పినట్టు. బాగున్నప్పుడే ఇవ్వాలి. బ్యూటీషియన్ కోర్సు నేర్పే కేంద్రాల్లో చేయి తిరగడానికి ఎన్ని సీసాలైనా కావాలి. తెరిచినవి ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ ఇవ్వవచ్చు, గోటికి ఫంగస్ ఉన్నవారు వాడిన బ్రష్ మాత్రం ఇంకొకరికి వద్దు.

రంగులేని సీసాలు మిగిలితే దగ్గర్లోని స్కూలు సైన్స్ టీచర్‌ను అడగండి. ఆకు అడుగువైపు నెయిల్ పాలిష్ పలచగా పూసి, ఆరాక టేపుతో ఆ పొరను ఊడదీసి మైక్రోస్కోప్ కింద పెడితే పత్రరంధ్రాల అచ్చు కనిపిస్తుంది. పిల్లలు కళ్లింతలు చేసుకుని చూసే ప్రయోగం అది. ఇంట్లోనైతే ఇమిటేషన్ నగల లోపలివైపు పూస్తే లోహం చర్మానికి తగలదు.

ఇక పూర్తిగా పోయినవి. సింకులో, బాత్రూమ్ కాలువలో పారబోయకండి. సంక్రాంతికి ఇల్లు దులిపి పాత సామాన్లన్నీ భోగి మంటలో వేసే అలవాటు మనది, ఆ మంటలోకి ఇవి వెళ్లకూడదు. లోపల ఉన్నది ఏమిటో పైన చెప్పుకున్నాం. వేడికి సీసా పగిలి మంట చుట్టూ నిలబడ్డ పిల్లల మీదకు గాజు ముక్కలు ఎగరవచ్చు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఖాళీ రంగు డబ్బాలు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, గడువు తీరిన మందులను ఇంట్లో పుట్టే ప్రమాదకర వ్యర్థాలుగా చెప్పి, విడిగా ఇమ్మన్నాయి. గోళ్ల రంగు సీసా చోటు కూడా ఆ వరసలోనే.

మూతలు గట్టిగా బిగించి, సీసాలు పగలకుండా పేపర్లో చుట్టి, తడిచెత్తలో కలపకుండా వేరే సంచిలో వేయండి. పొద్దున చెత్త బండి వచ్చినప్పుడు ఆ సంచిని పనివాళ్ల చేతికే ఇచ్చి, ‘ఇందులో రంగు సీసాలున్నాయమ్మా, గాజువి, నిప్పుకు దూరంగా పెట్టండి’ అని చెప్పండి.